గల్మే పెట్టె

ప్రభుత్వాన్ని పడగొట్టిన రెండున్నర నెలలకి మేం పద్నాలుగు మందిమి సియోల్‌లో రైలెక్కి మా ఊరికి బయల్దేరాం. సీట్లు ఖాళీగా ఉన్నా ఎవరమూ కూర్చోలేదు. ఆ వేసవిలో కుదురుగా కూర్చోవడం మా వల్ల అయ్యే పని కాదు. తలుపు దగ్గర వేలాడుతూ, ఇంజను పొగ మింగుతూ, పొలాల్లో కనిపించిన ప్రతి మనిషికీ చేతులూపుతూ గొంతులు చించుకుని పాడాం. వరిలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు ఒకసారి నడుమెత్తి చూసి మళ్ళీ వంగారు. వాళ్ళు తిరిగి చెయ్యి ఊపలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఆ 1960 ఏప్రిల్లో మా కాలేజీ అమ్మాయిలం చేతులు పట్టుకుని వీధిలోకి దిగాం. వారం తిరిగేసరికి, పన్నెండేళ్ళుగా కుర్చీని వదలని ముసలి అధ్యక్షుడు దిగిపోయాడు. అంత పని చేసినవాళ్ళకి ఒక్క జిల్లాలో ఒక్క ఎన్నిక గెలవడం ఏపాటి పని?

మా జిల్లా పేరు సుచోన్. జూలై ఇరవై తొమ్మిదిన పోలింగు. కూలిపోయిన పార్టీ మనిషి ప్యో దోక్సు అక్కడ మళ్ళీ నిలబడ్డాడు. ఆయనకి మక్కొల్లి అనే బియ్యపు కల్లు కాచే కార్ఖానా ఉంది. సిగ్గు మాత్రం లేదు. పార్టీ బోర్డు పీకేసిన మేకులకే "స్వతంత్ర అభ్యర్థి" అని కొత్త బోర్డు తగిలించుకున్నాడు. మా అభ్యర్థి పళ్ళ డాక్టరు మిన్ గ్యోంగ్‌హో. మార్చి ఎన్నికల్లో జరిగిన దొంగతనం చూసి నోరు మూసుకోనందుకు నెలరోజులు జైల్లో ఉండి వచ్చినవాడు. చదువు రానివాళ్ళ కోసం ఓటు కాగితం మీద గీతలుండేవి. డాక్టరుగారిది ఒక గీత, ప్యోది మూడు గీతలు.

మా నాయకుడు బే సాంగ్‌మోక్. మా పక్కింటి అబ్బాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకు అన్న లెక్క. ఏప్రిల్ పంతొమ్మిదిన అతని తొడలో తూటా దిగింది. కుంటుతాడు, అయినా పద్నాలుగు మందిలోనూ అందరికంటే ముందు అతనే ఉండేవాడు. అతను నోరు తెరిచి "పదండి" అంటే చాలు, మేం ఎక్కడికని కూడా అడిగేవాళ్ళం కాదు.

ఇక మా నాన్న. సుచోన్ బడి హెడ్మాస్టరు మెంగ్ మాస్టారు. సాంగ్‌మోక్‌కీ నాకూ ఓనమాలు నేర్పింది ఆయనే. మార్చిలో పోలింగు మొదలవకముందే నూటికి నలభై ఓట్లు పెట్టెల్లో పడి ఉండాలని పైనుంచి హుకుం వచ్చింది. మా జిల్లాలో ఆ హుకుం అమలు చేసినవాళ్ళలో మా నాన్న ఒకడు. బడి తలుపులు మూసుకుని, వెదురు గొట్టంతో ఓటు కాగితాల మీద గుండ్రటి ముద్ర అద్ది అద్ది, సొంత చేతుల్తో పెట్టెలు నింపాడు. ఏప్రిల్ తర్వాత బడి మైదానంలో పిల్లల ముందు మోకరించి తప్పయిపోయిందని చెప్పాడట. నేను చూడలేదు, విన్నాను. ఆ విన్నరోజు నుంచీ ఆయన్ని నాన్నా అని పిలవలేదు. ఆ జూలైలో ఇంట్లో ఉన్నన్నాళ్ళూ "బయటికెళ్తున్నా" అని గోడకి చెప్పి వెళ్ళేదాన్ని.

అలాంటి మనిషినే కొత్త ఎన్నికల సంఘం లెక్కింపు అధికారిగా వేసింది. చట్టం తెలిసిన మిగతావాళ్ళు జైల్లో ఉన్నారు, లేదా పారిపోయారు. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. నేను మాత్రం పరిగెత్తుకెళ్ళి డాక్టరుగారి తరఫున లెక్కింపు సాక్షిగా పేరు రాయించుకున్నాను. నా లెక్క ఒకటే. ఆ చేతుల్ని కనిపెట్టి ఉండాలి. ఆ చేతులు ఇంకోసారి దొంగ ఓటు ముట్టుకుంటే ఇక ఈ జన్మకి ఆ ఇంటి గడప తొక్కను. ప్యో ఓడాలి, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా నాకు కావలసింది అది.

మూడు వారాలు జిల్లా అంతా తిరిగాం. అబ్బ, ఏం రోజులవి! తెల్లచొక్కాలు మోచేతుల దాకా మడిచి, భుజానికి పట్టీలు కట్టుకుని, జిల్లా ఆఫీసు వాళ్ళు సొంతానికి వాడుకుంటున్న జీపు లాక్కుని, దాని మీద పదిమందిమి ఎక్కి ఊరూరా దిగేవాళ్ళం. విదేశీ సిగరెట్లు కాల్చేవాళ్ళ నోట్లోంచి లాగి తొక్కేవాళ్ళం. పసుపుపచ్చ దోసకాయలు కొరుక్కుంటూ ఉపన్యాసాలు రాసుకునేవాళ్ళం. ఎవరినైనా ఆపొచ్చు, ఎవరినైనా నిలదీయొచ్చు, ఎవరూ మాకు ఎదురు చెప్పరు. ఆ మత్తు కల్లుకి కూడా రాదు.

గల్మేకి వెళ్ళింది అలాంటి మత్తులోనే. ఏరు దాటి, కొండ వెనకాల, వంద గడపల ఊరు. ప్యో మనుషులు అంతకు ముందురోజే అక్కడ ఇంటింటికీ ఒక జత రబ్బరు జోళ్ళు పంచి వెళ్ళారు. సాంగ్‌మోక్ మండిపోయాడు. గడప గడపకీ వెళ్ళి, మెట్ల మీద విడిచిన కొత్త జోళ్ళన్నీ ఏరుకొచ్చి, ఊరి మధ్య కుప్ప పోశాం. జీపులో ఉన్న కిరసనాయిలు తెచ్చి పోశాం. అగ్గిపుల్ల గీసింది నేనే.

"అమ్మలారా, అయ్యలారా!" సాంగ్‌మోక్ రోలెక్కి అరిచాడు. "ఒక జత జోళ్ళకి మీ నాలుగేళ్ళు అమ్ముకుంటారా?"

జనంలోంచి ఒక ముసలావిడ ముందుకొచ్చింది. హన్‌సిల్ నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చింది కాబట్టి అందరూ హన్‌సిల్ మామ్మ అంటారు. "నా నాలుగేళ్ళు ఎవరు కొన్నారయ్యా? మార్చిలో నేను వెళ్ళేసరికే నా ఓటు ఎవడో వేసేసి పోయాడు. వాడు జోళ్ళు కూడా ఇవ్వలా."

జనం గొల్లుమన్నారు.

"అందుకే కదా మామ్మా, మేం ప్రాణాలకి తెగించి..."

"తెగించారు, సంతోషం. మరి ఈ జోళ్ళేం పాపం చేశాయి?"

"అవి లంచం మామ్మా!"

"అబ్బాయ్, నీ కాళ్ళకున్నవి ఏంటవి?"

సాంగ్‌మోక్ కిందికి చూసుకున్నాడు. "బూట్లు."

"తోలువా?"

"...తోలువే."

"మంట ఇంకా ఆరలేదు. విప్పి పడెయ్. అందరం కలిసి వట్టికాళ్ళతో నడుద్దాం."

సాంగ్‌మోక్ చెవులు ఎర్రబడ్డాయి. నేను నా గుడ్డ బూట్ల కాళ్ళు ఒకదాని వెనక ఒకటి దాచుకున్నాను. రబ్బరు నల్లటి పొగ చిమ్ముతూ కరుగుతోంది. ఆ కంపుకి పిల్లలు ఏడుస్తున్నారు. ఊళ్ళో సగం మంది గడ్డితో అల్లిన చెప్పుల్లో ఉన్నారు, మిగతా సగానికి అవి కూడా లేవు. మేం మాత్రం చప్పట్లు కొట్టి, పాట పాడి, జీపెక్కి వచ్చేశాం. ఆ సాయంత్రం నివేదికలో "గల్మేలో చెడు అలవాట్లపై ఘనవిజయం" అని నా చేత్తోనే రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒంటి మీది బట్టనే లంచమని లాగి కాల్చినవాళ్ళని ఎవరైనా ఆదరించి పిలుస్తారా?

పోలింగు రోజున కుండపోత. ఏరు పొంగి పడవ ఆగిపోయింది. గల్మే పెట్టె అవతలే ఉండిపోయింది. అన్ని పెట్టెలూ రాకుండా లెక్క మొదలుపెట్టకూడదని మా నాన్న పట్టుబట్టలేదు, ఆయన దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. కరెంటు పోయిందని మర్నాడు పొద్దున్నకి వాయిదా వేశారు, అంతే.

పొద్దున్నే బడి హాల్లో లెక్క మొదలైంది. బల్లలన్నీ జరిపి మధ్యలో పొడుగ్గా ఒక బల్ల వేశారు. కాగితం విప్పడం, ఎత్తి చూపించడం, ముద్ర పడ్డ గీతలు చదవడం, నల్లబల్ల మీద సుద్దతో గీయడం. "ఒక గీత!" అన్నప్పుడల్లా కిటికీల బయట వేలాడుతున్న మా వాళ్ళు ఈలలు. "మూడు గీతలు!" అన్నప్పుడల్లా ప్యో మనుషుల దగ్గులు. నేను మా నాన్న చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయనకి చెమటలు పడుతున్నాయి. ప్రతి కాగితాన్నీ రెండువైపులా తిప్పి, నాకు చూపించి, అప్పుడు పక్కన పెడుతున్నాడు. ఒకసారి ముందుంటున్నాం, ఒకసారి వెనకబడుతున్నాం. పదకొండు గంటలకి గల్మే తప్ప అన్నీ అయిపోయాయి. డాక్టరుగారు నూట తొంభై ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. మేం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి ఎగిరాం. సాంగ్‌మోక్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు, తొడ నొప్పి కూడా మర్చిపోయాడు.

అప్పుడు వచ్చింది గల్మే పెట్టె.

ఏరు దాటే దారి లేక, కొండ చుట్టూ తిరిగి, ఒక మనిషి వీపు మీద కట్టెల మోపులా కట్టుకుని తెచ్చాడు. పక్కన ఒక పోలీసు. వెనకాల ఊరు ఊరే ఉంది, ముప్ఫై నలభై మంది, తలనుంచి కాళ్ళదాకా తడిసి బురదలో ముంచి తీసినట్టున్నారు. అందరికంటే ముందు హన్‌సిల్ మామ్మ.

"ఇంతమందెందుకొచ్చారు మామ్మా?" అన్నాను.

"పెట్టెతో వచ్చాం. మార్చిలో దాన్ని ఒంటరిగా పంపితే ఏమైందో చూశాంగా. ఈసారి మూత తీసేదాకా మేం ఇక్కణ్ణించి కదలం."

సాంగ్‌మోక్ ముఖం మాడిపోయింది. గల్మేలో నాలుగు వందల పైచిలుకు ఓట్లు. ఆ ఊరు ఎవరికి వేసి ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు, ఎందుకు వేసిందో కూడా తెలుసు. ఆ నూట తొంభై ఓట్లూ ఒక్క నిమిషంలో ఆవిరైపోతాయి. ఏప్రిల్ అంతా, తూటాలు, ఆసుపత్రి, రైలు, పాటలు, అన్నీ ఈ చెక్కపెట్టెలో పడి పోతాయి. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు నా కంటికి ఒకటి కనిపించింది. పెట్టె నోటి మీద అంటించిన కాగితం వానకి తడిసి, ఒక మూల గోరంత లేచి ఉంది.

"సీలు!" అని అరిచాను. "సీలు ఊడింది! పెట్టె చెల్లదు!"

ఒట్టేసి చెప్తున్నాను, ఆ కాగితం కింద లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉండటం నేను చూశాను. తాళం కూడా చూశాను. చూసే అరిచాను.

హాలంతా భగ్గుమంది. సాంగ్‌మోక్ బల్ల మీదుగా దూకి మా నాన్న ముందు నిలబడ్డాడు. "మాస్టారూ, చెల్లదని రాయండి!"

నాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. లక్కని వేలితో తడిమాడు. "ముద్ర బాగానే ఉంది నాయనా. తాళం ఉంది. కాగితం తడిసింది, అంతే."

"చెల్లదని రాయండి మాస్టారూ. బయట మావాళ్ళు పన్నెండు మంది ఉన్నారు, డబ్బాడు కిరసనాయిలు ఉంది. మీరు రాయకపోతే పెట్టెని మేమే కాల్చేస్తాం. ఏప్రిల్లో నూట ఎనభై మందికి పైగా చచ్చిపోయారండీ! ఈ కల్లువాడు గెలవడానికా?"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కలం మూత తీశాడు. తర్వాత సాంగ్‌మోక్ వైపు కాదు, నా వైపు చూశాడు.

"ఎన్ని కావాలమ్మా?"

"ఏంటి?"

"అంకె చెప్పు. మార్చిలో పోలీసు ఇన్‌స్పెక్టరు చీటీ మీద రాసిచ్చాడు. నేను దానికి సరిపెట్టాను. మీరు చెల్లదంటే చెల్లదని రాస్తా. ప్యోకి సున్నా అంటే సున్నా వేస్తా. నేను ధైర్యస్తుణ్ణి కాదు ఓక్సన్, నీకు తెలియనిదేముంది? ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళకి రాసిస్తా. ఈసారి గట్టిగా అడుగుతున్నది నువ్వు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. కలం కాగితం మీద ఆనించి, కూతురు చెప్పే అంకె కోసం ఎదురుచూస్తున్నాడు. చెప్తే రాసేసేవాడే. పొద్దున్నుంచీ నేను ఆయన చేతుల్ని కాపలా కాస్తున్నాను. నా నోటిని కాపలా కాసేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆ పోలీసు ఇన్‌స్పెక్టరు కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను, ఎప్పుడు కూర్చున్నానో కూడా నాకు తెలియలేదు.

"లెక్కపెట్టండి," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "పెట్టె తెరిచి లెక్కపెట్టండి నాన్నా. సీలు బాగానే ఉంది. నేను అబద్ధం చెప్పాను."

"పిచ్చెక్కిందా నీకు?" సాంగ్‌మోక్ అరిచి కిటికీ వైపు తిరిగాడు. "రండ్రా! పెట్టె బయటికి లాగండి!"

వాళ్ళు తలుపు తోసుకుని వచ్చేశారు. డబ్బా మూత అప్పటికే తీసి ఉంది, హాలంతా కిరసనాయిలు వాసన. నాకు ఇంకేం తోచలేదు. బల్ల మీదకి ఎగిరి పెట్టె మీద కూర్చున్నాను. దాని ఇనప గొళ్ళెం తొడలో దిగింది. ఇక్కడో మాట చెప్పాలి. భయం వేసింది, కానీ ఆ భయం కింద ఏదో ఉరకలేసింది. ఏప్రిల్లో తుపాకుల ముందు నిలబడ్డప్పుడు కలిగిన ఉరుకే అది. మళ్ళీ కలుగుతుందనుకోలేదు.

"దిగు ఓక్సన్."

"దిగను."

"లాగేస్తాను."

"లాగన్నా. ఆ కిరసనాయిలేదో నా మీద కూడా పొయ్యి. మార్చిలో ఒక్కడైనా ఇలా పెట్టె మీద కూర్చుని ఉంటే నీ తొడలోకి తూటా వచ్చేదా? చెప్పు!"

సాంగ్‌మోక్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వెనకాల కుర్రాళ్ళు ఆగారు. ఆ సందులోంచి హన్‌సిల్ మామ్మ మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొచ్చింది.

"ఏమ్మా, మా పెట్టె మీదెక్కి కూర్చున్నావేంటి?"

"వీళ్ళు కాల్చేస్తామంటున్నారు మామ్మా."

"కాల్చడమా? మళ్ళీనా?" మామ్మ నడుం మీద చేతులేసుకుని సాంగ్‌మోక్‌ని ఎగాదిగా చూసింది. "ఏమయ్యా, గల్మే వస్తువు ఏది కనపడ్డా నీకు అగ్గిపుల్ల గీయాలనిపిస్తుందా? ఇదేం రోగమయ్యా?"

డబ్బా పట్టుకున్న కుర్రాడు ఫక్కున నవ్వాడు. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది, ప్యో మనుషులకి అంటుకుంది, తడిసిన గల్మే జనానికి అంటుకుంది. మామ్మ నవ్వలేదు. "జరుగు పిల్లా" అని నన్ను తోసి, కాళ్ళు పైకి ముడుచుకుని నా పక్కనే పెట్టె మీద కూర్చుంది. ఆమె బట్టల నుంచి కారిన నీళ్ళకి నా బట్టలు కూడా తడిసిపోయాయి.

సాంగ్‌మోక్ మా ఇద్దరినీ చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "తెరవండి మాస్టారూ. కానీ ఒక్కో కాగితం నేనే చదువుతా. ఒక్కటి అటూ ఇటూ అయినా ఊరుకోను."

"చదువు నాయనా," అన్నాడు నాన్న. కలం మూత పెట్టేశాడు.

మేమిద్దరం దిగాం, తాళం తీశారు. నాలుగు వందల పద్దెనిమిది కాగితాలు, కొన్ని చెమ్మగిల్లాయి. సాంగ్‌మోక్ నిలబడి, ఒంటికాలి మీద బరువు మోపి, చదవడం మొదలుపెట్టాడు. "మూడు గీతలు." మింగి, మళ్ళీ "మూడు గీతలు." మొదట్లో పళ్ళు కొరుకుతూ అన్నాడు. "మూడు గీతలు. మూడు గీతలు." వంద దాటాక ఆ మాటలో కోపం అరిగిపోయింది. తర్వాత ఒక కాగితం విప్పి, చూసి, మళ్ళీ చూసి, పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఒక గీత!"

గల్మే వాళ్ళే ఉలిక్కిపడి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవర్రా అది?" అంది మామ్మ. ఒక కొత్త కోడలు నేల వైపు చూస్తూ పెదవి కొరుక్కుంది.

ఇంకో ఒక గీత. ఇంకొకటి. మేం జోళ్ళు కాల్చి పొగబెట్టిన ఊళ్ళో, మా డాక్టరుగారికి పడిన ఓట్లు! ఎవరో ఎప్పుడో మా మాట విన్నారు, మేం అంత చెత్త పని చేసినా విన్నారు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే రకం ఏడుపు. మేమేంటి, ప్యో మనుషులు కూడా వేళ్ళు మడుస్తూ పైకి లెక్కపెడుతున్నారు. హాల్లో ఇంకెవరూ ఎవరి వైపూ లేరు. అందరం పెట్టె వైపే ఉన్నాం. తర్వాతి కాగితంలో ఏముందో నిజంగా ఎవరికీ తెలియదు. మా దేశంలో ఎన్ని ఎన్నికలు జరిగినా, ఆ తెలియకపోవడం ఎంత బాగుంటుందో నాకు ఆరోజే తెలిసింది.

అయిపోయింది. గల్మేలో ప్యోకి మూడు వందల ఇరవై ఏడు, డాక్టరుగారికి డెబ్భై నాలుగు, మిగతావి చిల్లర అభ్యర్థులకి. మొత్తం మీద ప్యో దోక్సు అరవై మూడు ఓట్లతో గెలిచాడు.

సుద్ద పట్టుకున్నవాడు అంకె వేసి పక్కకి తప్పుకున్నాడు. నాన్న ఫలితాల కాగితం నింపి, తన ముద్ర వేసి, నా ముందుకి జరిపాడు. సాక్షి సంతకం చోటు. నాకు సొంత ముద్ర లేదు, విద్యార్థిని కదా. ఆయన ఎర్ర సిరా డబ్బీ తెరిచి పట్టుకున్నాడు. నేను బొటనవేలు ముంచి, ఆ కల్లువాడు గెలిచాడని చెప్పే కాగితం మీద గట్టిగా ఒత్తాను. వెయ్యి మంది మధ్యలో నినాదం ఇచ్చినప్పుడు కూడా నా ఒళ్ళు అంతలా ఝల్లుమనలేదు. సాంగ్‌మోక్ నా పక్కకి వచ్చాడు. తన బొటనవేలు ముంచాడు. వంకరగా పడింది, అయినా పడింది.

అప్పుడు వచ్చాడు ప్యో దోక్సు. తెల్లటి కోటు, గొడుగు పట్టుకున్న మనిషి ఒకడు వెనకాల. తిన్నగా మా నాన్న దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, గొంతు తగ్గించాడు. తగ్గించినా మాకు వినపడింది.

"మీ మేలు మర్చిపోను మాస్టారూ. కానీ అరవై మూడేంటండీ? నలుగురిలో పరువు పోదూ? ఇంకాస్త వెయ్యకపోయారా?"

నాన్న చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నేనేం వెయ్యలేదు," అన్నాడు. "పడ్డవి అన్నే."

"అంటే?"

"అంటే జనం వేసినవి అన్నే. మేం లెక్కపెట్టాం, అంతే."

ప్యో నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. నల్లబల్ల వైపు చూశాడు. తడిబట్టల్లో నిలబడ్డ గల్మే జనం వైపు చూశాడు. వాళ్ళందరూ ఆయన్నే చూస్తున్నారు. పన్నెండేళ్ళలో ఆ మనిషి జనాన్ని చూసి జంకడం నేను మొదటిసారి చూశాను. హన్‌సిల్ మామ్మ ఖాళీ పెట్టె మీద మళ్ళీ ఎక్కి కూర్చుని చెయ్యి ఊపి పిలిచింది.

"ఇటు రావయ్యా ప్యో దోక్సూ. నీతో మాట్లాడే పనుంది. మాకందరికీ ఉంది. అందరివీ వినే పో."

ఆయన వెళ్ళాడు! గొడుగువాణ్ణి వదిలేసి, కోటు గుండీలు సర్దుకుంటూ, బడిలో పిలుపొచ్చిన పిల్లాడిలా వెళ్ళాడు. సాంగ్‌మోక్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప మాట రావడం లేదు.

"అరవై మూడంటే ముప్ఫై రెండు మంది ఓక్సన్! ముప్ఫై రెండు మంది మనసు మార్చుకుని ఉంటే చాలు, గెలిచేవాళ్ళం. డిసెంబర్లో స్థానిక ఎన్నికలు. ముప్ఫై రెండు మంది! అదెంత?"

"ముందు వాళ్ళ మాట వినాలన్నా."

"వింటాను. మాట్లాడమన్నా మాట్లాడలేను, చూడు నా గొంతు!"

ఇద్దరం పిచ్చిపట్టినట్టు నవ్వాం. ఎన్నిక ఓడిపోయిన మధ్యాహ్నం, కిరసనాయిలు కంపు కొడుతున్న హాల్లో, వేళ్ళకి ఎర్ర సిరాతో, కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత గల్మే వాళ్ళు బయల్దేరుతుంటే వాళ్ళ వెనకే మేమూ కొండ దారి పట్టాం.